బియ్యం డబ్బాలో మాత్రలు, పెరట్లో వేరే గ్లాసు

ప్రశ్న: అమ్మా నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు, పేరు రాయొద్దు. మా మరిది ఏటా బోటు పనికి గుజరాత్ వీరావల్ వెళ్తాడు. మా తోటికోడలికి ఇప్పుడు ఐదో నెల. మూడో నెలలో పీహెచ్‌సీలో రక్తం చూస్తే హెచ్ఐవీ అన్నారు, శ్రీకాకుళం పెద్దాసుపత్రి రిమ్స్‌కి పంపితే అక్కడా అదే వచ్చింది, తర్వాత మరిదికి చూస్తే తనకీ ఉంది. ఇద్దరికీ మందులు మొదలెట్టారు. అప్పట్నుంచి మా అత్త దాని కంచం, గ్లాసు, బకెట్ వేరు చేసీసింది, పెరట్లో తడికెలతో వేరే బాత్రూం కట్టించింది. నా మూడేళ్ళ బాబు దాన్ని వదిలి ఉండడు, మొన్నటిదాకా దాని కంచంలోనే తినేవాడు. పది రోజుల కిందట అది చేపలు కోస్తుంటే కత్తిపీటకి వేలు తెగింది, రక్తం కారిపోతుంటే నేనే చేత్తో అదిమి పట్టి పసుపద్ది గుడ్డ కట్టాను, అప్పుడేం తోచలేదు, ఆ రాత్రి నుంచి నిద్ర లేదు. మావారు రెండు మూడు సార్లు తమ్ముడి రేజర్‌తోనే గీసుకున్నారంట. మా ఊళ్ళో దోమలు కూడా ఎక్కువ. అత్తకి భయపడి అది మందుసీసా బియ్యం డబ్బాలో దాచుకుంటాది. నేనూ బాబూ పరీక్ష చేయించుకోవాలా, పుట్టబోయే బిడ్డకి వచ్చీస్తాదా, ఇది ఎలాగ వస్తాది ఎలాగ రాదు సరిగ్గా చెప్పండి. అడగడానికే సిగ్గుగా ఉంది, అది నాకు చెల్లెల్లాంటిది.

సమాధానం: తల్లీ, ముందు ఈ రాత్రి పడుకో. కంచం వల్ల నీ కొడుక్కి ఏమీ రాలేదు, కత్తిపీట దగ్గర నీకూ ఏమీ కాలేదు, ఎందుకో కింద చెప్తాను. నువ్వు అడిగినవన్నీ ఒక ఎత్తు, మధ్యలో అలా అనీసి దాటిపోయిన బియ్యం డబ్బా మాట ఒక్కటీ ఒక ఎత్తు, నాకు భయం వేసింది అక్కడే. దాని దగ్గరికి చివర్లో వస్తాను, ఎందుకంటే ముందు నీ భయం దిగితే గానీ నా మాట నీకు ఎక్కదు.

నేను ముప్ఫై ఏళ్ళ పైన ప్రభుత్వాసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేశాను, కొన్నాళ్ళు సీతంపేట ఏజెన్సీలో, తర్వాత విజయనగరం వైపు, చివర్న శ్రీకాకుళంలో, కాబట్టి పుస్తకంలో చదివింది కొంత, కళ్ళారా చూసింది కొంత కలిపి రాస్తున్నాను.

హెచ్ఐవీ మనిషి ఒంట్లో ఉంటాది గానీ ఒంట్లోని ప్రతి తడిలోనూ ఇంకొకరికి అంటేంత ఉండదు. రక్తంలో ఉంటాది, మగవాళ్ళ వీర్యంలో, దానికి ముందు వచ్చే తడిలో, ఆడవాళ్ళ యోనిలో ఊరే తడిలో, మలద్వారం లోపలి తడిలో, తల్లిపాలల్లో ఉంటాది. అంతే. ఉమ్మి, చెమట, కన్నీళ్ళు, ముక్కు చీమిడి, ఒంటేలు, వీటివల్ల రాదు. పైన చెప్పినవాటిలో ఉన్నా అది ఇంకొకరి ఒంట్లోకి వెళ్ళాలంటే దారి కావాలి, అంటే లోపలి మెత్తటి పొరలు గానీ, పచ్చి గాయం గానీ, సూది గానీ. మన పైచర్మం ఉంది చూశావూ, అది చిట్లకుండా బాగుంటే దానికి గోడే, దాటలేదు. ఇంకా ఏటంటే బయట గాలికి ఎండిపోతే కొన్ని గంటల్లోనే దాదాపు అంతా చచ్చిపోతాది. ఈ మూడు ముక్కలూ మనసులో పెట్టుకుంటే నీ ప్రశ్నల్లో సగానికి నువ్వే జవాబు చెప్పుకోగలవు.

ఇప్పుడు కత్తిపీట. దాని వేలి రక్తం నీ అరచేతికి అయ్యింది, సరే, ఆ రోజు నీ చేతికి పచ్చిగా తెగిన గాయం ఏదైనా ఉందా? కళ్ళలో పడిందా? ఈ రెండూ లేకపోతే కథ అక్కడితో అయిపోయింది. ఒకవేళ ఉన్నా చాలా చిన్న ప్రమాదమే, కంటి పొర మీద పాజిటివ్ రక్తం చిందిన ఆస్పత్రి వాళ్ళ లెక్కలు చూస్తే వెయ్యి మందిలో ఒకరికి కూడా నిండా రాలేదు, చితికిన చర్మం మీద పడితే అంతకన్నా తక్కువ. పైగా మీ తోటికోడలు అప్పటికే నెలకి పైగా మందులు వేసుకుంటోంది కదా, సరిగ్గా వేసుకుంటే దాని రక్తంలో వైరస్ ఈపాటికి బాగా పడిపోయి ఉంటాది. ఆ చేపలు వండుకున్నారో పారబోశారో నువ్వు రాయలేదు, మీ అత్త పారబోయించే ఉంటాదిలే, పాపం, మంచి చేపలు. వండిన కూరలోంచి హెచ్ఐవీ రాదు తల్లీ, పొయ్యి మీద ఉడికినదాంట్లో ఆ వైరస్ బతకదు. కత్తిపీట సబ్బేసి కడిగి ఆరబెడితే చాలు. ఇకమీదట ఎవరి రక్తమైనా సరే, వాళ్ళకి ఏముందో తెలిసినా తెలియకపోయినా, చేతికో ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని పట్టుకో, తర్వాత సబ్బుతో కడుక్కో. మేమూ ఆస్పత్రిలో అందరికీ అలాగే చేస్తాం, పాజిటివ్ వాళ్ళకని వేరే పద్ధతి లేదు.

నిన్ను తక్కువ చేసి మాట్లాడ్డం లేదు, నీ భయం నాకు తెలుసు. నాకు 2009లో ఒక పాజిటివ్ పేషెంటుకి రక్తం తీస్తుండగా సూది బొటనవేలికి గుచ్చుకుంది, లోపలికే దిగింది. సూది గుచ్చుకుంటే వెయ్యి మందిలో సుమారు ముగ్గురికి వస్తాది, మిగతా 997 మందికి రాదు, ఈ లెక్క నేనే కొత్త పిల్లలకి ట్రైనింగ్‌లో చెప్పేదాన్ని, ఆ రోజు మాత్రం నాకు ఆ ముగ్గురే కనిపించారు. పంపు కింద వేలు పెట్టి కడుక్కుని రెండు గంటల్లోపే మందు మొదలెట్టాను, దాన్ని పెప్ అంటారు, 72 గంటలు దాటక ముందే మొదలెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది, 28 రోజులు వేసుకోవాలి. ఆ రోజుల్లో మందులకి వాంతులు, నీరసం, అన్నం సయించేది కాదు. ఇంతకీ ఏటి చేశానో తెలుసా, ఇంట్లో నా స్టీలు గ్లాసు నేనే వేరు చేసుకున్నాను! గ్లాసు వల్ల రాదని పది ఊళ్ళల్లో చెప్పి వచ్చిన దాన్ని. మావారు ఓ రోజు పొద్దున్న అదే గ్లాసులో టీ పోసుకుని తాగీసి, ఇదేటి ఒక్క గ్లాసూ వేరేగా బోర్లించావు అని అడిగారు, నోట మాట రాలేదు నాకు. మూడు నెలలకీ ఆరు నెలలకీ చూశారు, నెగెటివ్. అందుకే మీ అత్త మీద నాకు కోపం రావట్లేదు, తెలిసినా చెయ్యి ఆగదు కొన్నిసార్లు.

కంచం సంగతి. 1986లో న్యూయార్క్‌లో కొందరు డాక్టర్లకి నీకొచ్చిన అనుమానమే వచ్చింది, అప్పటికి మందే లేదు, ఎయిడ్స్ ముదిరిపోయిన మనుషులు ఇళ్ళల్లో ఉన్నారు. వాళ్ళతో ఒకే ఇంట్లో నెలల తరబడి ఉన్న 101 మందిని పట్టుకుని పరీక్షించారు, మొగుడూ పెళ్ళాల్ని లెక్కలోంచి తీసీసి. ఒకే కంచాలు, గ్లాసులు, పక్కలు, ఒకే దొడ్డి, కౌగిలింతలు, ముద్దులు, కొందరైతే టూత్ బ్రష్షులు కూడా ఒకటే. ఎంతమందికి వచ్చింది? ఒక్క ఐదేళ్ళ పిల్లకి, ఆ పిల్లకీ తల్లి కడుపులో ఉండగానో పుట్టేటప్పుడో సోకి ఉంటాదని తేలింది. కంచం వల్ల ఒక్కరికీ రాలేదు. మందు లేని రోజుల్లోనే అలాగుంటే మందులు వేసుకుంటున్న మీ తోటికోడలి కంచంలో నీ కొడుకు చోడంబలి తాగితే ఏమవుతాది? బాగా కడుపు నిండుతాది. ఒకే సబ్బు, ఒకే బకెట్, బోరు దగ్గర స్నానం, చెరువు, లెట్రిన్, దగ్గు, తుమ్ము, చెయ్యి పట్టుకోవడం, తలకి నూనె రాయడం, పేలు చూడ్డం, బాబుని ముద్దాడ్డం, దేంట్లోనూ రాదు.

దోమల గురించి నువ్వే కాదు, బాగా చదువుకున్నోళ్ళు కూడా అడుగుతారు, మంచి ప్రశ్నే. ఇంజెక్షన్ సూది వల్ల వస్తే దోమ సూది వల్ల ఎందుకు రాదు అని. దోమ మూతిలో రెండు దారులుంటాయి, ఒకదాంట్లోంచి దాని ఉమ్మి మన ఒంట్లోకి వదుల్తాది, రెండోదాంట్లోంచి మన రక్తం పీలుస్తాది, పీల్చింది మళ్ళీ వెనక్కి కక్కదు. మరి మలేరియా ఎలాగ వస్తాదంటే ఆ క్రిమి దోమ కడుపులో పది పదిహేను రోజులు పెరిగి అక్కణ్ణుంచి దోమ ఉమ్మి తయారయ్యే చోటుకి చేరిపోతాది, అందుకే కుట్టినప్పుడు ఉమ్మితో పాటు దిగుతాది. హెచ్ఐవీకి పెరగాలంటే మనిషి రక్తంలో ఉండే సీడీ4 అనే తెల్లకణాలు కావాలి, దోమలో అవి లేవు, తాగిన రక్తంతో పాటే అదీ అరిగిపోతాది. ఈ పాఠం అంతా అక్కర్లేకుండా సీతంపేటలో నాకు కళ్ళకి కనబడింది, మలేరియా ఒక ఇంట్లో దిగిందంటే చంటిబిడ్డ నుంచి ముసలి తాత దాకా మంచం ఎక్కేవారు, దోమకి వయసు తేడా లేదు కదా. హెచ్ఐవీ రిజిస్టర్ చూస్తే అలా ఉండదు, మొగుడూ పెళ్ళాం ఉంటారు, ఒక్కోసారి వాళ్ళకి పుట్టిన బిడ్డ ఉంటాది, అదే ఇంట్లో అదే దోమలు కుట్టిన అత్తా మామా ఆడపడుచులూ వాళ్ళ పిల్లలూ ఎవరూ ఉండరు. దోమలే మోసేవైతే మన సముద్రం ఒడ్డు ఊళ్ళల్లో ఒక్కరూ మిగిలేవారు కాదు.

రేజర్ దగ్గర మాత్రం నిన్ను ఊరికే పొమ్మనను. గీసుకుంటుంటే సన్నగా గాట్లు పడతాయి, ఇద్దరికీ పడితే, తడి రక్తం బ్లేడు మీద ఉండగానే వెంటనే రెండో మనిషి వాడితే, మాటవరసకి దారి ఉన్నట్టే. నిజానికి అలాగ హెచ్ఐవీ రావడం అరుదులో అరుదు, ఆరిపోయిన బ్లేడు మీద అది ఎంతోసేపు నిలవదు. కానీ పచ్చకామెర్లు తెప్పించే హెపటైటిస్ బీ అలాగ కాదు, ఆరిన రక్తంలో కూడా వారం దాకా బతికుంటాది, దానికోసమైనా రేజరూ బ్లేడూ టూత్ బ్రష్షూ ఇంట్లో ఎవరిది వాళ్ళకే ఉండాలి, ఇందులో పాజిటివ్ నెగెటివ్ ఏమీ లేదు. మీ ఆయనకి మనసులో పీకుతుంటే ఆఖరిసారి గీసుకున్న రోజు నుంచి మూడు నెలలు దాటాక ప్రభుత్వాసుపత్రిలో హెచ్ఐవీ పరీక్ష చేసే ఐసీటీసీకి వెళ్ళి ఒక్కసారి చేయించుకోమను, డబ్బులు కట్టక్కర్లేదు, పేరు బయటికి రాదు. ముందే చేయించుకుంటే కుదరదా అంటే కుదురుతాది గానీ సోకిన కొత్తలో పరీక్షకి దొరక్కపోవచ్చు, దాన్నే విండో పీరియడ్ అంటారు, అందుకే మూడు నెలలు. బాబుకి అవసరం లేదు, ఆ రోజు నీ చేతికి పచ్చి గాయం లేకపోతే, కళ్ళలో పడకపోతే నీకూ లేదు. చేయించుకుంటే గానీ నిద్ర పట్టదంటే నువ్వు చేయించుకో, బాబుకి ఊరికే సూది పొడిపించకు.

సూది అనగానే ఇంకోటి. పైడితల్లమ్మ జాతరప్పుడు విజయనగరంలో రోడ్డు పక్కన కూర్చుని పచ్చబొట్లు వేస్తారు చూడు, అలాంటి చోట ఒకే సూది, ఒకే సిరా గిన్నె అందరికీ వాడితే అది గ్లాసులాంటిది కాదు, అక్కడ నిజంగా ఆలోచించాలి. ఊళ్ళో ఆరెంపీ గారు జొరానికి సూది వేస్తుంటే ప్యాకెట్ నా ముందు చింపండి అని అడుగు, మొహమాటపడకు, సిరంజి లోపల ఆరకుండా మిగిలిన రక్తంలో వైరస్ వారాల తరబడి బతికుండగలదని పరీక్షలు చేసి చూశారు. 2018లో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లాలో ఓ ఊరి వైద్యుడు ఒకే సూది అందరికీ వాడాడని బయటపడింది, పదుల మందికి పాజిటివ్ వచ్చింది, 2019లో పాకిస్తాన్ రతోదెరోలో అయితే వందల మంది పసిపిల్లలు, తల్లిదండ్రులకి లేకుండానే. కంచాలు వేరు చేసే వాళ్ళు ఇలాంటి చోట జబ్బ చాపీస్తారు, అదే నాకు బాధ. రక్తం ఎక్కించుకోవడం ఒకప్పుడు భయమే, ఇప్పుడు బ్లడ్ బ్యాంకులో ప్రతి సీసా పరీక్షించాకే ఇస్తారు, ఇక అక్కడ కొత్త సూదితో రక్తం ఇవ్వడం వల్ల రాదు.

మరి అసలు ఎలాగ వస్తాది అంటే, మన దేశంలో ఎక్కువగా కండోమ్ లేకుండా కలవడం వల్లే. ఇక్కడ లెక్క వింటే ఆశ్చర్యపోతావు, మందులు వాడని పాజిటివ్ మగాడితో ఆడమనిషి ఒకసారి కలిస్తే వచ్చే అవకాశం పదివేలకి ఎనిమిది అంటారు, మలద్వారం ద్వారా అయితే దానికి పదిహేను రెట్లు పైనే. ఎనిమిదే కదా అని ఎవరైనా ధైర్యం చేస్తారేమో, ఒక్కసారికే వచ్చిన వాళ్ళు నాకు తెలుసు, పైగా సోకిన మొదటి వారాల్లోనూ సుఖరోగాల పుండ్లు ఉన్నప్పుడూ ఈ లెక్క చాలా పెరిగిపోతాది, కాపురం అన్నాక ఒక్కసారితో ఆగదు కదా. మీ మరిది గురించి నువ్వు ఒక్క చెడ్డ మాట కూడా రాయలేదు, మంచి పిల్లవి. ఏడాదిలో ఎనిమిది నెలలు ఇల్లు వదిలి పరాయి రేవులో బోటు మీదే వండుకుని బోటు మీదే పడుకునే మగపిల్లల బతుకు నేను విన్నాను, అక్కడ ఏం జరిగిందో తవ్వితే ఇప్పుడు ఎవరికీ ఏమీ ఒరగదు, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో రక్తపరీక్ష చెప్పదు కూడా. ముందు ఎవరికి కనిపెట్టారో వాళ్ళ మీదే నింద పడతాది, మన ఊళ్ళల్లో గర్భంతో ఉన్న ఆడపిల్లకే ముందు పరీక్ష చేస్తారు కాబట్టి నింద కూడా దానికే.

ఇప్పుడు మంచి మాట. వాళ్ళిద్దరూ వేసుకునేది రోజుకి ఒక్క మాత్ర, మూడు మందులు కలిపి ఉంటాయి అందులో. అది రోజూ పడితే సాధారణంగా ఆరు నెలల్లోపు రక్తంలో వైరస్ మిషన్‌కి కూడా దొరకనంత తగ్గిపోతాది, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ టెస్టులో తెలుస్తాది. అలా దొరకనంత తగ్గి, అలాగే నిలబడిన మనిషి నుంచి కలయిక వల్ల ఇంకొకరికి రాదు. తగ్గుతాది అనట్లేదు, రాదు అంటున్నాను. యూరప్‌లో 14 దేశాల్లో ఒకరికి ఉండి ఒకరికి లేని 888 జంటల్ని చూశారు, 2016లో బయటికొచ్చింది, కండోమ్ లేకుండా సుమారు 58,000 సార్లు కలిస్తే ఆ భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ లేదు. మా తరం నర్సులం ఇది చదివి నమ్మలేకపోయాం, 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మొదలెట్టక ముందు వార్డుల్లో మేం చూసింది వేరు, సెలైన్ పెట్టి పక్కన కూర్చోవడమే. అయితే మీ వాళ్ళిద్దరూ కొత్తగా మొదలెట్టారు కాబట్టి లోడ్ రిపోర్టు వచ్చేదాకా కండోమ్ వాడాలి, ఇద్దరికీ ఉంది కదా ఇంకేటి అనుకోకూడదు.

బిడ్డ విషయం. తల్లి నుంచి బిడ్డకి మూడు చోట్ల రావచ్చు, కడుపులో ఉండగా, కాన్పులో, పాలల్లో. అసలు ఏ మందూ లేకపోతే వందమంది పిల్లల్లో 15 నుంచి 45 మందికి వస్తాది, అంటే మందు లేకపోయినా సగానికి పైగా తప్పించుకుంటారు, ఇది చాలామందికి తెలీదు, తల్లికి ఉంటే బిడ్డకి ఉన్నట్టే అనుకుంటారు. మందు పడితే ఐదుగురి లోపు, తొందరగా మొదలెట్టి కాన్పు నాటికి లోడ్ దొరకనంత తగ్గిపోతే ఒకటి రెండు కన్నా తక్కువ. మీ తోటికోడలికి మూడో నెలలోనే తెలిసింది, ఇంతకన్నా మంచి టైము లేదు. కాన్పు మాత్రం ఆస్పత్రిలోనే జరగాలి, దీనికోసమే ఆపరేషన్ చెయ్యాలని లేదు. పుట్టగానే బిడ్డకి చుక్కల మందు మొదలెడతారు, తక్కువలో తక్కువ ఆరు వారాలు పొయ్యాలి. ఆరు వారాలప్పుడు మడమ నుంచి కొన్ని చుక్కల రక్తం తీసి కార్డు మీద పెట్టి పరీక్షకి పంపుతారు, తర్వాత మధ్యమధ్యలో చూస్తారు, 18 నెలలకి ఆఖరి మాట. ఈలోగా ఎవరైనా మామూలు కిట్‌తో చూసి పాజిటివ్ అంటే గుండె పగలగొట్టుకోవద్దు, వైరస్ మీద తల్లి ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీలు బిడ్డలో అన్నాళ్ళూ ఉండొచ్చు, ఆ కిట్ చూసేది వాటినే, అది జబ్బు కాదు.

పాల దగ్గర మన ఊళ్ళల్లో పెద్ద పొరపాటు జరుగుతాది. మందులు వేసుకుంటున్న తల్లి ఆరు నెలలు తన పాలు మాత్రమే ఇవ్వొచ్చు, మాత్రమే అంటే మాత్రమే, మంచినీళ్ళు కూడా లేవు. డాక్టరు డబ్బాపాలు అంటే పూర్తిగా అవే. రెండూ కలిపితేనే ముప్పు, ఎందుకంటే పైపాలూ నీళ్ళూ తేనె లాంటివి పసిబిడ్డ పేగు పొరని రేపుతాయి, ఆ రేగిన పొర వైరస్‌కి దారవుతాది. దక్షిణాఫ్రికా డర్బన్‌లో 1999లో వచ్చిన పరిశోధనలో ఇదే చూశారు, మూడు నెలలకి తల్లిపాలే తాగిన పిల్లల్లో కన్నా కలిపి పెట్టిన పిల్లల్లో ఎక్కువమందికి సోకింది. అంటే చూడు, మీ అత్త చేతిలో స్టీలు గ్లాసు వల్ల ఏమీ కాదు గానీ ఆవిడ ప్రేమగా తెచ్చే ఉగ్గుగిన్నె వల్ల కావచ్చు, ఆముదమూ వసకొమ్మూ చక్కెర నీళ్ళూ. ఇంకొకటి, పిల్లలకి మెత్తగా నమిలి నోట్లో పెట్టే అలవాటు మీ ఇంట్లో ఉంటే అది కూడా వద్దు, పాజిటివ్ ఉన్న వాళ్ళ చిగుళ్ళ రక్తం అందులో కలిసి అమెరికాలో ముగ్గురు పసిపిల్లలకి వచ్చిందని రాశారు. ఉమ్మి కాదు, రక్తం. చేత్తో మెదిపి పెడితే సరిపోతాది.

ఇక బియ్యం డబ్బా. ఇంతసేపూ చెప్పినదంతా మందు రోజూ పడితేనే. దాచుకున్న మందు రోజూ పడదు తల్లీ. అత్త నీళ్ళకి వెళ్ళినప్పుడు వేసుకోవాలి, చుట్టాలొస్తే మానాలి, బియ్యం అడుగంటితే సీసా కొత్త చోటు వెతుక్కోవాలి, ఇలాగ వారంలో రెండు పోతాయి. సీసా గలగలమంటాదని దూది కుక్కి ఇంటికి పట్టుకెళ్ళే ఆడపిల్లల్ని చూశాను, పొట్లం కట్టుకుని సీసా ఆస్పత్రి గోడ అవతల పారేసి వెళ్ళిన వాళ్ళనీ చూశాను. నేను చూసినంతలో మందు పని చెయ్యకపోవడం తక్కువ, మందు మింగడానికి ఇంట్లో చోటు లేకపోవడం ఎక్కువ. మాత్రలు తప్పితే లోడ్ పెరుగుతాది, వైరస్ ఆ మందుకి అలవాటు పడిపోవచ్చు, అప్పుడు బిడ్డకి ప్రమాదం. మీ ఇంట్లో బిడ్డని కాపాడదామని గ్లాసు వేరు చేశారు, ఆ గ్లాసుకి భయపడి పిల్ల మందు దాచింది, ఏ బిడ్డకి నిజంగా రావచ్చో ఆ బిడ్డ దగ్గరికే దారి తెరుచుకుంటోంది.

కాబట్టి సీసా నీ గదిలో నీ చీరల మధ్య పెట్టు, రోజూ ఒకే టైముకి నువ్వే నీళ్ళ గ్లాసుతో వెళ్ళు. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోమను, రెండు కలిపి కాదు. ఇంకోటి తప్పకుండా చూడు, గర్భిణికి ఐరన్, కాల్షియం మాత్రలు ఇస్తారు కదా, వాటిని ఖాళీ కడుపున దీంతో కలిపి వేసుకుంటే ఈ మందు ఒంటికి సరిగ్గా పట్టదు. అన్నం తిన్నాక కలిపి వేసుకోవచ్చు, లేదంటే ఈ మాత్ర వాటికి రెండు గంటల ముందు గానీ ఆరు గంటల తర్వాత గానీ. ఈ మందులిచ్చే ఏఆర్టీ సెంటర్లో కౌన్సిలర్‌ని మళ్ళీ ఒకసారి అడగండి, గర్భిణి అని గుర్తు చేసి వైరల్ లోడ్ ఎప్పుడు తీస్తారో కూడా కనుక్కోండి. ఫోన్లో అడగాలంటే 1097, డబ్బులు పడవు, పేరు చెప్పక్కర్లేదు.

మీ ఇంట్లో నిజంగా కాపు కాయాల్సింది దగ్గుకి. హెచ్ఐవీ దగ్గుతో రాదు గానీ ఒంట్లో బలం తగ్గినప్పుడు టీబీ పట్టుకుంటే అది దగ్గుతో అందరికీ వస్తాది. మరిదికి గానీ ఆ పిల్లకి గానీ దగ్గు, జొరం, బరువు తగ్గడం ఏది కనిపించినా ఆలస్యం చెయ్యకుండా కఫం పరీక్ష చేయించండి.

మీ అత్తతో చట్టం మాట్లాడమని నేను చెప్పను, కానీ నీకు తెలిసుండాలి. 2017లో వచ్చి 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ చట్టంలో 29వ సెక్షన్ ఏం చెప్తాదంటే పాజిటివ్ ఉన్న మనిషిని ఉమ్మడి ఇంట్లోంచి గానీ, ఆ ఇంట్లో ఏ భాగంలోంచి గానీ బయటపెట్టకూడదు, ఇంట్లో సౌకర్యాలు అందరితో పాటు వాడుకునే హక్కుంది. ఆ తడికెల బాత్రూం చట్టానికి ఎదురే అన్నమాట. చట్టం కన్నా ఏది పనిచేస్తాదంటే, వచ్చే నెల మందులకి వెళ్ళేటప్పుడు అత్తని కూడా రిమ్స్‌కి తీసుకెళ్ళండి, పిల్ల ఒప్పుకుంటేనే సుమా, కోడళ్ళు చెప్తే వినని మాట అక్కడ కౌన్సిలర్ చెప్తే వింటారు, నేను వంద సార్లు చూశాను. ఆవిడ అడ్డచుట్ట కాల్చే మనిషైతే, మీ వైపు ముసలమ్మలు చాలామంది కాలుస్తారు, నిప్పు నోట్లో పెట్టుకుని పొగ పీల్చే దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తాదని మన జిల్లాలోనే పరిశోధనలు జరిగాయి, కోడలి గ్లాసుకి భయపడేవారు నోట్లో నిప్పుకి భయపడరేటి అని నా పేరు చెప్పి అడుగు, నవ్వితే సగం పని అయినట్టే.

ఈలోపు నువ్వు చెయ్యగలిగింది, రేపు మధ్యాహ్నం అందరూ తింటున్నప్పుడు పెరట్లో గ్లాసు తెచ్చి అందులో నీళ్ళు పోసుకుని తాగు, ఏమీ మాట్లాడకు. బాబుని దాని ఒళ్ళో కూర్చోబెట్టు. ఊళ్ళో ఎవరికీ చెప్పకు, అది చెప్పుకోవాలో వద్దో వాళ్ళిద్దరి ఇష్టం. కాన్పు టైముకి నాకు మళ్ళీ రాయి, లోడ్ రిపోర్టు ఎంత వచ్చిందో కూడా రాయి. ఆ ఉగ్గుగిన్నె మాత్రం ఇప్పుడే తీసి అటక మీద పడీ, అడిగితే సొట్ట పోయిందని చెప్పు.